మొదటిసారి వద్దనడం

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో చదువుకుంటూ, నాజీల శిబిరాల్లో యూదు ఆడవాళ్ళు ఎలా బతికారన్న దాని మీదే థీసిస్ రాస్తానని మొండికేశాను. మా ప్రొఫెసర్ తల గోక్కున్నాడు. "బాధలో ఆడబాధ, మగబాధ అని వేరే ఉంటాయా? సెమిస్టర్ అయ్యేలోగా ఒక్క మంచి ఇంటర్వ్యూ తీసుకురా, చూద్దాం. లేదంటే టాపిక్ మార్చుకో," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం బిడ్డలున్న మనిషికి ఆ మాత్రం తెలీదూ?

ముగ్గురు నలుగురు ముసలమ్మలు ఫోన్లోనే కుదరదనేశారు. చివరికి పిస్కాటవేలో మా వీధి చివర ఉండే ఒకావిడ సరేనంది. చిన్నపిల్లప్పుడు అక్కతోబాటు శిబిరంలో పడ్డ మనిషి. ఇన్నేళ్ళలో ఎవరితోనూ నోరు విప్పలేదట. మా రూమ్మేట్‌ది వరంగల్. "పొయ్యి మంచిగ మాట్లాడు. టేప్ రికార్డర్ బ్యాటరీలు చెక్ చేసినవా? పిచ్చి ప్రశ్నలడిగి ఆమెను పరేషాన్ చెయ్యకు," అని సాగనంపింది.

హడావిడిలో ఏమీ తినకుండా, కడుపు నకనకలాడుతూ వెళ్ళాను. ఆవిడ వంటింటి బల్ల మీద తేనె కేకు, పక్కన కాఫీ. అబ్బ, ఏం వాసన! "తిను," అంది. నా పెంపకం ఊరుకుంటుందా? అడగ్గానే చెయ్యి చాపితే తిండికి మొహం వాచినట్టుంటుందని మా అమ్మ చిన్నప్పట్నుంచీ నూరిపోసింది మరి. "అయ్యో, వద్దండీ, ఇప్పుడే తినొచ్చాను," అన్నాను. మా గుంటూరులో అయితే ఇంకో రెండుసార్లు బతిమాలతారు, అప్పుడు తింటాం. ఆవిడ బతిమాలలేదు. ప్లేటు తీసేసి, నా టేప్ రికార్డర్ నా చేతిలో పెట్టి, "ఇక వెళ్ళు," అంది. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు ఆవిడ మొహంలో.

నా థీసిస్ గంగలో కలిసిందనుకున్నాను. ఇంకేం చేస్తాను, సిగ్గు విడిచి నిజం చెప్పేశాను.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదండీ. మావైపు మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి అడిగితే తింటాం."

"అడక్కపోతే?"

"అడుగుతారండీ. అడక్కుండా ఎవరూ ఉండరు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కేకు మళ్ళీ నా ముందుకు జరిపింది. టేప్ రికార్డర్ మీట తనే నొక్కింది.

"మా అక్క తన రొట్టెముక్క నా చేతిలో పెట్టి, 'నేనిప్పుడే తినేశాను, ఇది మిగిలింది' అనేది," అని మొదలుపెట్టింది. "ఆ చలికాలం దాటకుండానే పోయింది. నేను రెండోసారి అడగలేదు."