కుంటలో నేను కలిపిన పొడి

మొన్న శుక్రవారం పొద్దున చెన్నూరులో మా చిన్నబాపు ప్రభువు దగ్గరికి పోయిండు. బాపు పోయినంక నన్నూ తమ్ముళ్లనూ సాకింది ఆయనే. మంచి మనిషి అని అందరూ అంటున్నరు. నేను చెప్పవలసింది వేరే ఉంది.

మా రెండిండ్లకు కలిపి ఒక రొయ్యల కుంట. అందులో యాంటీబయాటిక్ మందు పడొద్దన్నది ఆయన పట్టు. వెల్లుల్లి, పసుపు, వేపాకు నూరి, గంజితో మేతకు పట్టించి నీడకు ఆరబెట్టేటోడు. "మనం ఏసింది తినే పిల్లల కడుపులకు పోతది బిడ్డా" అనేటోడు. చేతులు ఎంత కడిగినా వెల్లుల్లి వాసనే. చర్చిలో పక్కనోళ్లు ముక్కు మూసుకుంటే, "పరలోకంల గూడ నన్ను వాసన పట్టే దొరకవడతరు" అని నవ్వేటోడు.

ఒక ఏడు రొయ్యల మీసాలు తెగినయి, పెంకుల మీద నల్లమచ్చలు లేచినయి. నాకు భయం పట్టింది. తమ్ముళ్ల బతుకు గూడ అందులోనే ఉండె.

"జర ఓపిక పట్టు బిడ్డా. ఆకు మందు మెల్లగ పనిచేస్తది. వారం చూద్దాం."

నేను పట్టలే. యాంటీబయాటిక్ పొడి తెచ్చి, ఆయన ఆరబెట్టిన మేతలో బకెట్ల ఏసి కలిపిన. రొయ్యలు కోలుకున్నయి. ఆకు పనిచేసేదో లేదో నాకు తెల్వదు. పొడి సంగతి ఆయనకు తెల్వనియ్యలే.

కోత పండుగనాడు మొదటి గంప చర్చికి తెచ్చి, లేచి సాక్ష్యం చెప్పిండు. "మందు ముట్టలే. దేవుడు ఆకుతోనే కాపాడిండు." ఆడోళ్ల వరుసలో నేను తలకు కొంగు కప్పుకొని ఆమెన్ అన్న.

తర్వాత కొనేటోళ్లు పరీక్ష చేసి, మందు ఆనవాళ్లున్నయని సరుకు వాపసు పంపిండ్రు. ఊరు ఊకుంటదా?

"ఏం పెద్దమనిషీ, సాక్ష్యంల గూడ కల్తీయేనా?"

"నేనైతే కలుపలే" అన్నడు, ఒక్కసారే. మళ్లీ ఎన్నడూ సాక్ష్యానికి లేవలే. నేను పక్కనే ఉన్న. రోజూ మోకాళ్ల మీద దేవునికి చెప్పుకున్న. ఆయనకు చెప్పలే.

సమాధి చేసొచ్చినంక చిన్నమ్మకు చెప్పిన. "ఆ పొడి కలిపింది నేనే చిన్నమ్మా."

ఆమె నా మొకం చూడలే. "ఆయనకు ఎర్కే బిడ్డా. సరుకు వాపసొచ్చిననాడు మేత బకెట్ అడుగున అంటిన పొడి చూసిండు. నీ అంతల నువ్వే చెప్తవని ఇన్నేండ్లు ఎదురుచూసిండు."

అందుకే ఇది రాస్తున్న. ఆయన చెప్పిన సాక్ష్యంలో అబద్ధం లేదు. కల్తీ నాది.

ఆనాడు ఆ మాట అన్నంక చిన్నమ్మ చాప మీద ఒక పక్కకు జరిగి నాకు జాగ ఇచ్చింది. నేను దర్వాజ కాడనే ఉన్న, పోయి కూసోలే. ఆ జాగ అట్లనే ఉంది.