ఎడమ కమాను

రాయచూరులో బండి బరువు మోసే కమాన్ పట్టీల పనికి ఈరన్నను మించినవాడు లేడు. నోటి దురుసులోనూ అంతే. కల్మల రోడ్డు మీద అతని షెడ్డు. మా నాన్న కాలంనాటి అంబాసిడర్‌ను అతను తప్ప ఇంకొకరు ముట్టుకుంటే నాకు నచ్చదు. నేను బట్టల కొట్టు నడుపుతాను. బండి గురించి తెలిసింది తక్కువ, చాదస్తం ఎక్కువ.

ఈరన్నకు టేపు మీద నమ్మకం లేదు. వెనక కమాన్లు కొత్తవి వేశాక భార్య జయాబాయిని ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క సీట్లో కూర్చోబెట్టేవాడు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీని జానతో కొలిచేవాడు. "నా పెండ్లాం బరువు నాకెరుక. రాళ్లు పెడితే గింత సరిగ్గ లెక్క దొరకదు" అనేవాడు. ఆమె కొంగు సర్దుకుని, మా ఇద్దరి చాదస్తానికీ నవ్వుకుంటూ కూర్చునేది.

పోయిన శ్రావణంలో నా బండిలోనే, ఎడమ పక్క కూర్చుని ఉండగా ఆమె ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు. మూడు నెలలు ఈరన్న షెడ్డు తాళం తీయలేదు. ఆలోగా కొత్త కమాను ఎడమవైపు కుంగిపోయింది. పట్టీ నాసిరకందేమో అనుకుని, షెడ్డు తెరిచిన వారానికే బండి తీసుకెళ్లాను.

మళ్లీ రెండువైపులా కొత్తవి బిగించి జాకీలు దించాడు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద నరమానవుడు లేడు. బండి మెల్లగా ఎడమకు ఒరిగింది, ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.

"గాలి తక్కువుందేమో చూడు ఈరన్నా" అన్నాను.

గాలి సరిగ్గానే ఉంది. నేల చదునుగానే ఉంది. కమాన్లు విప్పి అటుది ఇటు మార్చాడు. ఫలితం లేదు. కుడివైపు జాన మీద రెండు వేళ్లు, ఎడమవైపు జానే. దెయ్యాలంటే ఎగతాళి చేసే మనిషిని నేను. ఆ పూట ఎడమ కిటికీలోంచి లోపలికి చూశాను. ఎవరూ లేరు. రెక్సిన్ సీటు మాత్రం మనిషి కూర్చున్నంత మేర గుంటపడి ఉంది.

ఈరన్న స్పానర్ కింద పెట్టాడు.

"ఆ దినం దిగుతనన్నది, సావుకార్. కండ్లు తిరుగుతున్నయన్నది. కొలత అయ్యేదాక కదలకు, నేను చెప్పినంకనే దిగు అని గద్దించిన. కొలిచి లేచేసరికి పోయింది. దిగుమని చెప్పనే లేదు."

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

"చెప్తే పోతది గద!"

అంత నోరున్న మనిషి చిన్నపిల్లాడిలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

అతను కుడి తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. బండి సమంగా నిలిచింది. నేను వంగి రెండువైపులా జానతో కొలిచాను. నూలుపోగంత తేడా లేదు. అతన్ని తొందరపెట్టలేదు. కొట్టు రేపైనా తెరుచుకోవచ్చు.

చివరికి అన్నాడు: "తప్పు నాదే జయా. కొలత అయింది. ఇగ దిగు."

ఎడమ తలుపు మూసే ఉంది. కింద పట్టీలు ఒకదానిమీద ఒకటి జరిగి కిర్రుమన్నాయి. సీటు గుంట మెల్లగా నిండింది.

"సరిగైందా, సావుకార్?" లోపలినుంచే అడిగాడు.

"నీ పక్క కుంగింది, ఈరన్నా" అన్నాను.