పెరిగే కాలికి కొన్న బూట్లు

మా ఇంట్లో పాదరక్షలు కొనడానికి ఒక పద్ధతి ఉండేది. నేను కొత్త జత వేసుకుని నిలబడితే నాన్న ముందుకు వంగి, బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూసేవారు. ఖాళీ తగలకపోతే ఆ జత వెనక్కి పోయేది. పెరిగే కాలు, ఒక సైజు పెద్దదే తీసుకోవాలి అనేవారు. కాకినాడలో తాతయ్య ఆయనకూ అలాగే కొన్నారట. ఇంజనీరై సిడ్నీకి వచ్చి, వెస్ట్‌మీడ్‌లో ఇల్లు తీసుకున్నాక కూడా నాన్నకు ఆ అలవాటు పోలేదు. బడి బూట్లకు అది చెల్లిపోయింది. ముందు దూది కుక్కుకుని టపటపలాడిస్తూ తిరిగేదాన్ని.

తొంభైల మొదట్లో, జులైలో, అక్కడి చలికాలం సెలవులకు అందరూ మంచు కొండలకు వెళ్తున్నారని మేమూ బయలుదేరాం. నాకప్పుడు పదకొండేళ్ళు. స్కీ బూట్లు అక్కడే అద్దెకిస్తారు. కానీ ఎవరెవరో తొడుక్కున్నవి పిల్ల కాళ్ళకు వద్దంది అమ్మ. ఆవిడ నర్సు, ఇలాంటి వాటిలో పట్టింపు ఎక్కువ. అందుకని కొత్తవే కొన్నారు. ఆ గట్టి ప్లాస్టిక్ మీద నాన్న బొటనవేలికి ఏం తెలుస్తుంది? అయినా అలవాటు కొద్దీ నొక్కి, పెద్ద సైజే ఇప్పించారు. వదులుగా ఉంటే ఊలు మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకోవచ్చన్నారు.

వాలు మీద నిలబడగానే నాకు విషయం అర్థమైంది. ముందుకు వంగితే లోపల మడమ పైకి లేస్తోంది. నేనొక వైపు తిరుగుతుంటే పాదం తిరుగుతోంది గానీ బూటు తిరగడం లేదు. పడిపోతానని వెనక్కి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. నాన్న లైబ్రరీ నుంచి స్కీయింగ్ పుస్తకం తెచ్చి చదివి ఉన్నారు. ఆయన మటుకు ఒక్కసారీ స్కీలు కట్టుకోలేదు. కింద రబ్బరు గమ్‌బూట్లతో నిలబడి, పుస్తకంలో ఉన్నదంతా నా మీదికి అరిచేవారు.

"మోకాళ్ళు వంచు తల్లీ. బాలెన్స్ అంతా టెక్నిక్‌లోనే ఉంది. వెయిట్ ముందుకి వెయ్యి."

"డాడీ, మై ఫుట్ ఈజ్ స్లైడింగ్ ఇన్‌సైడ్," అన్నాను.

"నీ భయం అది. బూటుదేం లేదు."

అన్నారే గానీ వంగి బకిల్స్ అన్నీ బిగించారు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, మడమ మాత్రం ఇంకా లేస్తూనే ఉంది. ఇంకొక్కసారి వెళ్ళి రమ్మన్నారు. వెళ్ళాను. సగం దిగేసరికి కుడి స్కీ మంచులో దిగబడి పక్కకు తిరిగింది. పడితే ఊడిపోవాల్సిన స్కీ ఊడిరాలేదు. వదులు బూటులో పాదం ఒక వైపు, కాలు ఒక వైపు మెలి తిరిగాయి.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ, చీలమండ పైన ఎముక పెరిగే చోటే దెబ్బ తగిలిందని, ఈ కాలు రెండోదానితో సమానంగా పెరగకపోవచ్చని చెప్పాడు. ఆయన మాట పూర్తి కాకముందే అమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది. నాన్న మాత్రం, భయపడి వెనక్కి కూర్చుంది, అందుకే పడింది అని డాక్టరుకు చెబుతున్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బూట్లను ఎవరూ పారేయలేదు. కొత్తవి కదా. గరాజ్‌లో పాత సూట్‌కేసు వెనక ఉండిపోయాయి. కొన్నేళ్ళ తర్వాత ఒక సాయంత్రం ఏదో వెతుకుతుంటే కనిపించాయి. తీసి, పల్చటి మేజోళ్ళతోనే తొడుక్కుని బకిల్స్ పెట్టాను. మడమ కదల్లేదు. కాలి ముందెముక బూటుకు చక్కగా ఆనింది. నాన్న లెక్క తప్పలేదు, పాదాలు పెరిగాయి. నాకు ఏడుపొచ్చింది.

లేచి నిలబడ్డాను. కుడి కాలు కురచ కాబట్టి నడుం ఆ వైపుకి ఒరిగింది. అప్పుడే కారు పెట్టడానికి వచ్చిన నాన్న తలుపు దగ్గర ఆగి నన్నూ బూట్లనూ చూశారు.

"కొంచెం నిటారుగా నిలబడమ్మా," అన్నారు.

నేను నిటారుగానే నిలబడి ఉన్నాను.