రెండో కార్డు పెట్టింది నేనే

పెళ్ళి ఫొటోలు తీసే షాహీన్ కథను తిరుపతి ఫొటోగ్రాఫర్లు రెండు రకాలుగా చెబుతారు. టీ అంగడి దగ్గర నిలబడి చెప్పే రకం ఇది: చిత్తూరులో ఒక పెళ్ళిలో ఆడవాళ్ళ ఫొటోలను ఆమె దొంగతనంగా కెమెరాలోని రెండో మెమొరీ కార్డులో దాచుకుంది, ఇంటివాళ్ళు పట్టుకున్నారు, ఆ బెదురుతో కొత్త మోడల్ వచ్చేదాకా ఆగకుండా పాత కెమెరా కొనేసింది. రెండో రకం నా వెనక చెప్పుకునేది: కొత్త మోడల్ వస్తోందని తెలిసి కూడా అంగడామె తన పాత సరుకు ఆ పిల్లకు అంటగట్టింది. రెండూ అబద్ధాలే. మొదటిది చెప్పేవాళ్ళలో ఒక్కడు కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు. నేను తొక్కాను. రెండోదానికి వస్తే, ఆగమ్మా ఆగు అని అరగంట గొంతు చించుకున్నది నేనే.

అది 2024 ఏప్రిల్, రంజాన్ పండగ అయిన వారం. తిరుపతిలో మా కెమెరా అంగడి మా నాయన ఫిల్మ్ రీళ్ళ కాలంలో పెట్టింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివి, ఇంకెక్కడా కుదురుకోక ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు కొనమంటారా, కొత్తది వచ్చేదాకా ఆగమంటారా? నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: వచ్చే నెలలో నీకు పని ఉందా? పని ఉన్నవాడు కొనాలి, లేనివాడు ఆగాలి. ఇంత చిన్న సంగతికి రాత్రంతా యూట్యూబ్ చూసి కళ్ళు ఎర్రగా చేసుకుని వస్తారు మహానుభావులు.

ఆ ఏడాది ఆగడం అందరికీ సులువైంది. నెలాఖరు నుంచి మూఢం. శుక్రుడు కనబడని ఆ రోజుల్లో హిందువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు పెట్టుకోరు గనక మా ఫొటోగ్రాఫర్లు కెమెరాలు బీరువాలో పెట్టి, రాబోయే మోడల్ గురించి పుకార్లు నెమరేస్తూ కూర్చున్నారు. ఆ పుకార్లలో ముఖ్యమైనది, కొత్త బాడీలో రెండు కార్డు స్లాట్లు ఉంటాయని. బాడీ అంటే లెన్సు లేని ఉత్త కెమెరా. స్లాటు అంటే మెమొరీ కార్డు దూర్చే గాడి. అప్పుడు అమ్ముతున్న మోడల్లో ఒక్కటే ఉండేది. రెండుంటే బ్యాకప్ మోడ్ పెట్టుకోవచ్చు. తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ ఒకేసారి పడుతుంది, ఒకటి చెడిపోయినా రెండోది కాపాడుతుంది. పెళ్ళి రెండోసారి చేయించలేం గనక మా వ్యాపారంలో అది చిన్న విషయం కాదు.

షాహీన్ మాత్రం ఆగే స్థితిలో లేదు. చిత్తూరులో ఆమె అన్న ఖాదర్‌కు స్టూడియో ఉంది. మగవాళ్ళ వైపు ఫొటోలు అతను తీస్తాడు, ఆడవాళ్ళ వైపు ఈమె. ముస్లిం కుటుంబాల్లో అందరూ కాదు గానీ, కొన్ని పాత వ్యాపారుల ఇళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి మగ ఫొటోగ్రాఫర్‌ను రానివ్వరు. ఆడమనిషి కెమెరా పట్టుకుని వస్తే రానిస్తారు, ఒక కట్టుబాటు మీద. కార్డు ఇంటివాళ్ళే కొనిస్తారు, పని కాగానే అది ఇంటి పెద్దామె చేతికి వెళ్ళిపోతుంది. ఆల్బమ్ కావలసినప్పుడు షాహీన్‌నే పిలిపించి, ఇంట్లోనే ఫొటోలు ఏరిస్తారు. ఆమె దగ్గర ఒక్క ఫొటో కూడా మిగలకూడదు. షాహీన్ అన్నం తినేది ఈ నమ్మకం మీదే.

ఆమె కెమెరాలో షట్టర్ చచ్చిపోతూ ఉంది. షట్టర్ అంటే వెలుగును లోపలికి వదిలి మూసే తెర. లక్షల సార్లు కొట్టుకుని అరిగిపోయింది, ఇరవై ఫొటోలకొకటి సగం నల్లగా వస్తోంది. పదకొండు రోజుల్లో ఆదివారం నాడు చిత్తూరు మండీలో టోకు వ్యాపారం చేసేవాళ్ళ ఇంట్లో పెళ్ళి. అంత పెద్ద ఇంటికి ఆమెను పిలవడం అదే మొదటిసారి. ఆ ఇంట్లో మంచి పేరు వస్తే ఆ బంధువుల ఇళ్ళన్నీ ఆమెవే. చెడ్డ పేరు వస్తే ఇక చిత్తూరులో ఏ గడపా లేదు.

అన్నతో కలిసి అంగడికి వచ్చి, "ఇప్పుడుండేదే ఇచ్చేయక్కా" అంది.

నేను ఊరుకోలేదు. ఏడాది కిందట ఒక పెళ్ళిలో ఆమె కార్డు మధ్యలోనే పాడయింది. పెళ్ళికూతురి తల్లి తన చేతులు పట్టుకుని ఏడ్చిందని నాకు చెప్పింది షాహీనే, నా కౌంటరు ముందే. అది గుర్తు చేసి, రెండు స్లాట్లది వస్తుంటే ఒక్క స్లాటుది కొనడం బుద్ధిలేని పని అన్నాను. ఖాదర్ నాకు వంత పాడాడు. షాహీన్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "మా ఇండ్లల్లో కార్డు ఒక్కటే ఉండల్లక్కా" అంది. ఆ మాట విన్నాను. ఆమెకు టెక్నాలజీ తెలియక అంటోందనుకున్నాను. కాలేజీలో చదివినవాళ్ళకు ఉండే రోగం అది.

చివరికి నేనే దారి చెప్పాను. ఆ పెళ్ళికి మా అద్దె బాడీ తీసుకెళ్ళు, కొత్త మోడల్ వచ్చాక కొనుక్కో. ఆ అద్దె బాడీ పెద్ద రకం, అందులో రెండు స్లాట్లున్నాయి. సరే అంది.

శుక్రవారం నాడు దాన్ని సర్దుతూ నేను చేసిన పని ఇది. రెండో స్లాటులో అంగడి కార్డు ఒకటి పెట్టి, బ్యాకప్ మోడ్ వేసి, మూత మూశాను. షాహీన్‌కు చెప్పలేదు. చెబితే తీసేస్తుందని తెలుసు. కెమెరా తిరిగి వచ్చాక, అంతా బాగుంటే చెరిపేద్దాం, మొదటి కార్డు పాడయితే ఆ రోజు నాకు దండం పెడుతుంది అనుకున్నాను. మంచి చేస్తున్నానని పూర్తిగా నమ్మి చేశాను. చెడ్డ ఉద్దేశంతో చేసి ఉంటే కొంచెం జాగ్రత్తగానైనా చేసేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తెలియని నంబరు నుంచి ఫోను. షాహీన్ గొంతు చదును చేసిన నేలలా ఉంది.

"అక్కా, నువ్వు ఒకసారి చిత్తూరికి రావల్ల. కెమెరాలో ఇంకో కార్డు ఉండాది. ఎవురిదని అడగతా ఉండారు."

నాదేనని చెప్పమన్నాను. ఫోనులో చెబితే నమ్మేట్టు లేరంది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. పని అయ్యాక కార్డు తీసి ఇస్తుంటే, పెళ్ళికూతురి మేనత్త మూత కింద ఇంకో కార్డు అంచు చూసింది. కెమెరాను, షాహీన్ ఫోనును తీసి మంచం మీద పెట్టి, ఆమెను గదిలో కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు, అంతే.

బస్సు ఎక్కేలోపల ఖాదర్ ఫోను చేశాడు. మగవాళ్ళ వైపు ఉన్నాడు, లోపలికి పోనివ్వడం లేదు. చుట్టూ ఎవరో ఉన్నారేమో, మాట నోట్లోనే నొక్కి పెట్టి అడిగాడు: "మేడమ్, నిజం సెప్పండి. మీరు పెట్టినారా, మా సెల్లెలు పెట్టిందా?"

సొంత అన్న అడిగిన ప్రశ్న అది. ఊరు ఏమడుగుతుందో వేరే చెప్పాలా?

తిరుపతి నుంచి చిత్తూరుకు రెండు గంటల లోపే. ఆ రోజు ప్రతి స్టాపులోనూ డ్రైవరు నా మీద పగబట్టినట్టు బస్సు ఆపాడు. దారి పొడుగునా నేను వాదన తయారు చేసుకున్నాను. బ్యాకప్ అంటే ఏమిటి, కార్డులు ఎందుకు పాడవుతాయి, వాళ్ళ మంచికే ఎలా చేశాను. నాకు నోరుంది, దానితో ఇంతవరకూ ఎక్కడా ఓడిపోలేదు.

పెళ్ళివారి ఇంట్లో షామియానా కింద ఆఖరి బంతి మగవాళ్ళు భోజనాలు చేస్తున్నారు. నన్ను వెనక వాకిలి నుంచి లోపలికి తీసుకెళ్ళారు. గదిలో పదిమంది ఆడవాళ్ళు. గోడవార షాహీన్, ఒళ్ళో చేతులు. మంచం మీద ఇంటి పెద్దామె, పెళ్ళికూతురి నాయనమ్మ. అందరూ దాదీ అంటున్నారు. ఆమె పక్కన తెల్లటి గుడ్డ మీద కెమెరా, ఫోను, రెండు కార్డులు విడివిడిగా.

నేను తయారు చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. దాదీ చివరిదాకా వింది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. నాలాంటిదాన్ని అంతకంటే భయపెట్టే పని ఇంకోటి లేదు.

"ఈ కార్డు నీదా?"

"నాదేనమ్మా. నేనే పెట్టినా. ఈమెకు తెలీదు."

"చెరిపేస్తే పోతాదా?"

అవునని ఉంటే ఆ క్షణంలో అంతా తేలిపోయేది. గదిలో అందరూ ఆ అవును కోసమే చూస్తున్నారు, షాహీన్‌తో సహా. కానీ చెరిపేసిన ఫొటోలను తిరిగి తెప్పించే సాఫ్ట్‌వేర్ మా అంగడిలోనే ఉంది. వారానికి ఒకరికైనా తెప్పించి ఇస్తుంటాను.

"పోదమ్మా. తెలిసినోళ్ళు మళ్ళీ తెప్పించగలరు" అన్నాను.

మేనత్త ఉర్దూలో ఏదో గట్టిగా అంది. దాదీ చెయ్యెత్తింది.

"అంటే నీకు తెలుసు. తెలిసే పెట్టినావు."

"ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటాదని పెట్టినానమ్మా. పెళ్ళి ఫొటోలు పోతే మళ్ళీ రావు గదా."

"పోతే మా ఫొటోలు పోతాయి" అంది దాదీ. "మావి మేము పోగొట్టుకుంటాము. ఏడ్చి ఊరుకుంటాము. ఇంకోటి బయట ఉంటే పోయేది ఏందో, అది నీ అంగట్లో దొరకతాదా?"

అప్పటికి గానీ నా తలకెక్కలేదు. ఈ గదిలో ప్రమాదం కార్డు చెడిపోవడం కాదు, చెడిపోకుండా ఇంకోచోట ఉండటం. నేను ఏ భద్రత గురించి అరగంట ఉపన్యాసమిచ్చానో, అది వీళ్ళకు కన్నం. ఇదే సంగతి షాహీన్ నా కౌంటరు ముందు ఒక్క వాక్యంలో చెప్పింది.

తప్పయిందని చెప్పాను. ఆ మాట నా నోటికి అలవాటు లేదు. రెండు కార్డులూ మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. కెమెరా నుంచి ఫోనుకు ఫొటోలు పంపే వైఫై ఆపేసి ఉందని చూపించాను. షాహీన్ ఫోనును వాళ్ళే అప్పటికి రెండుసార్లు వెతికారు.

దాదీ కెమెరా చేతిలోకి తీసుకుంది. మూత తెరవమని సైగ చేసింది. తెరిచాను. లోపల రెండు గాళ్ళు, పక్కపక్కన. ఆమె వాటిని కాసేపు చూసింది. తర్వాత షాహీన్‌ను చూసింది. మళ్ళీ గాళ్ళను చూసింది. తర్వాత టక్కున మూత మూసింది.

"లేసి అన్నం తినుపో" అంది షాహీన్‌తో. "ఈయమ్మకు కూడా పెట్టండి. పొద్దున్నించి తినినట్టు లేదు."

గదిలో ఊపిరి తిరిగింది. మేనత్త మాత్రం మాకు వడ్డించేదాకా ముఖం తిప్పుకునే ఉంది.

మంగళవారం షాహీన్ అంగడికి వచ్చింది. ఆలోపల పుకారు నిజమైంది, కంపెనీ కొత్త మోడల్‌ను ప్రకటించింది. రెండు స్లాట్లు, ఇంకా మంచి సెన్సర్, రెండు మూడు నెలల్లో మన ఊళ్ళకు వస్తుంది. నేను అదంతా చెప్పాను. చెప్పడం నా ధర్మం. కొత్తది రాగానే పాతదాని విలువ పడిపోతుందని కూడా చెప్పాను. ఈసారి వాదించలేదు.

"రెండు గాళ్ళ కెమెరా నాకొద్దక్కా" అంది. "ఒకటుండేది వాళ్ళకే చూపిస్తా. కార్డు వాళ్ళ చేత్తోనే పెట్టించి, వాళ్ళ చేత్తోనే తీపిస్తా. రెండోది ఖాళీగా ఉండాదని ప్రతి ఇంట్లో యాడ ప్రమాణం చేసేది?"

అదే కొన్నది. కొత్త మోడల్ వచ్చాక అందరూ దానివైపు పరిగెత్తుతుంటే, స్పేర్‌గా ఉంటుందని పాతదే ఇంకోటి వెతికి పెట్టమంది, పెట్టాను. ఆ మండీ వాళ్ళ బంధువుల ఇళ్ళు ఇప్పుడు అన్నీ ఆమెవే. టీ అంగడి పండితులు దీన్ని బెదిరిపోయి పాత మోడల్ కొనుక్కోవడం అంటున్నారు. తన పని ఏమిటో తెలిసినవాళ్ళు చేసే పని వాళ్ళకు బెదురులాగే కనబడుతుంది.

అప్పటి నుంచి నా ప్రశ్న మారింది. వచ్చే నెలలో పని ఉందా అని అడగడానికి ముందు, పని అయ్యాక కార్డు ఎవరి చేతికి పోతుంది అని అడుగుతాను. చాలామంది వింతగా చూస్తారు. కొందరు మాత్రం కాసేపు ఆగి, వేరే మోడల్ చూపించమంటారు.

ఇక ఒక్కటి మిగిలింది. ఆ అద్దె బాడీలో రెండు స్లాట్లూ ఒకే మూత కింద ఉంటాయి, మధ్య దూరం గోటి వెడల్పు. వాళ్ళిచ్చిన కార్డు పెట్టడానికి షాహీన్ ఆ మూత తెరిచింది. నాలుగు గంటలు ఫొటోలు తీసింది. రెండు కార్డులుంటే తెర మీద పై మూలలో రెండు గుర్తులు వెలుగుతూనే ఉంటాయి. ఆమె గుడ్డిది కాదు, కొత్తదీ కాదు. ఏడాది కిందట ఒక తల్లి తన చేతులు పట్టుకుని ఏడవడం మరిచిపోయిన మనిషి అంతకన్నా కాదు. దాదీ ఆ మూత తెరిపించి చూసింది ఇదేనని నాకు తిరుగు బస్సులో తట్టింది. పక్క సీట్లో షాహీన్ కిటికీ వైపు చూస్తూ ఉంది. అడగలేదు. రెండేళ్ళు కావొస్తోంది, నాలుగైదు సార్లు నోటిదాకా వచ్చి మింగేశాను. వాదించడానికి భయపడని నేను దీనికి భయపడుతున్నాను. ఎందుకంటే ఆ గదిలో అంతమంది ముందు నేను మూడు మాటలు చెప్పాను. కార్డు నాదే, నేనే పెట్టినా, ఈమెకు తెలీదు. మొదటి రెండూ నిజం. మూడోది?