జీతం సగం కూడా పడని సాయంత్రం

మా ఆయన కృష్ణపట్నంలో ఒక విద్యుత్ ప్లాంటులో ఇంజనీరు. మేము వెంకటాచలంలో ఉంటాం. మార్చి జీతం పడిన రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"సుజాతా, జీతం సగం కూడా పడలా. రేపు ఇంటి లోను ఎట్టా కట్టేది?"

నేను బదులు చెప్పేలోపే ఫోన్ కట్టయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

రోడ్డు మీదికెళ్లి నిలబడ్డాను. కంపెనీ బస్సు వచ్చింది గానీ అందులో ఆయన లేరు. తోటి ఉద్యోగి బాషా కిందికి దిగి, "అన్న బస్సెక్కలేదక్కా. జీతం మెసేజీ చూసినప్పట్నుంచి ఎవురితోనూ మాట్లాడలా" అన్నాడు.

ఆయనకు బీపీ ఉంది. ప్లాంటు పక్కనే సముద్రం. రాకూడని ఆలోచనలన్నీ వచ్చాయి. రోడ్డు మీదే నిలబడి, ఆగిన ప్రతి బండిలోకీ తొంగి చూశాను.

చీకటి పడ్డాక ఆయన ఒక లారీలోంచి దిగారు.

"ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చుంటే బస్సు తప్పిపోయింది. బోనస్‌తో నా ఏడాది ఆదాయం పన్నెండు లక్షలు కొంచెం దాటిందంట. పన్నెండు లక్షల దాకా పన్ను లేకుండా చేసే రిబేటు ఇంక లేదని పన్నంతా ఈ నెల్లోనే పట్టేసినారు. నిజానికి పన్నెండు లక్షల మీద ఎంత దాటితే దాదాపు అంతే పన్ను పట్టాలంట. లెక్క తప్పినారు. రిటర్న్ వేస్తే మిగతాది వెనక్కొస్తుంది" అంటూ చెప్పుకుపోతున్నారు.

నేను ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను.

వాయిదా డబ్బు మా తమ్ముడు సర్దాడు. కోసిన పన్ను కూడా నిదానంగా తిరిగొచ్చింది. ఆయన లేకుండా ఆ బస్సు ముందుకు కదిలిన క్షణం తలచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.