కడ్డీ ఎక్కిన జిలేబి పిండి

మీలో ఎవరైనా పిండి చేతిలో ఓడిపోయారా? నేను ఓడిపోయాను. అదీ కార్వాన్ బస్తీలో, మా నాన్న మిఠాయి దుకాణంలో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా.

అప్పట్లో నేను సాగే ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే పీహెచ్‌డీ చేస్తున్నాను. నీళ్లూ నూనే బుద్ధిమంతులు, తోసినవైపు పోతాయి. జిలేబి పిండి అలా కాదు. బాగా పులిశాక, పెళ్లికి పిలవలేదని అలిగిన మేనత్తలా, లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది.

గుడిమల్కాపూర్‌లో పూల వ్యాపారం చేసే యాదగిరి కాక కూతురి పెళ్లి పదిరోజుల్లో ఉందనగా నాన్న మణికట్టు వాచింది. పిండి పోసే జిలేబి గుడ్డ పిండకూడదన్నాడు డాక్టరు. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా మా జిలేబీయే.

"ఈసారి వేరేటోళ్లకు ఇచ్చుకోమని చెప్త" అన్నాడు నాన్న, ముఖం పక్కకు తిప్పుకుని.

ఆ ముఖం చూడలేకపోయాను. "ఫికర్ చెయ్యకు బాపూ! మిషన్ పెడదాం. కలుపుడు, పోసుడు అన్నీ అదే చేస్తది. కంప్యూటర్ల పోసి చూసిన."

"పిండిని కంప్యూటర్ల ఎట్ల పోసినవే?"

ఎలా పోశానో మీకు మాత్రం చెబుతాను. పిండికి సాగే గుణం పెట్టినప్పుడల్లా అంకెలు అదుపు తప్పి లెక్క మధ్యలోనే పేలిపోయేది. నాలుగు రోజులు కుస్తీ పట్టి, ఆ గుణాన్ని సున్నా చేసేశాను. లెక్క చకచకా పూర్తయింది. తెర మీద రంగురంగుల బొమ్మలు! ఒకదాన్ని ఫోన్లో వాల్‌పేపరుగా కూడా పెట్టుకున్నాను.

పెళ్లి రోజు పొద్దున. డ్రమ్ములో పిండి, నడుమ కడ్డీ, పైన మోటారు. మీట నొక్కాను, కడ్డీ గిరగిరా తిరిగింది. లెక్క ప్రకారం, నీళ్లలో పడినట్టే, కడ్డీ చుట్టూ గుంట పడాలి. పిండి మాత్రం కడ్డీని వాటేసుకుని, బోనాల ఊరేగింపు చూడ్డానికి మేడెక్కే చుట్టాల్లా, పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

"ఏందే, గిట్ల మీదికి పోతుంది?"

"పోదు బాపూ. నడుమ గుంట పడాలె."

"పడాలె అని దానికి చెప్పు!"

చెప్పాను. నా మాట సాగలేదు, పిండి సాగింది. మోటారులో దూరింది. మోటారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే యాదగిరి కాక వచ్చాడు. "అన్నా, జిలేబి ఏది? మా ఇంట్ల లొల్లి లొల్లి అయితుంది."

"గదో, మోటర్‌ల ఉంది" అన్నాడు నాన్న.

తర్వాత పిండిలో వేలు ముంచి పైకెత్తాడు. సన్నని తీగ సాగింది. "బిడ్డా, ఈ తీగ నీ లెక్కల ఉన్నదా?"

"పెడితే లెక్క ఆగిపోతుందని... తీసేసిన."

"తీగ తీసేస్తే ఇగ జిలేబిల ఏమున్నదే?"

గుడ్డ నా చేతికిచ్చాడు. ఆయన చెబుతుంటే నేను పిండాను. మొదటి వాయిలో రెండు తేళ్లు, ఒక చెవి, దాదాపు ఒక ఆటో వచ్చాయి. మధ్యాహ్న భోజనాల వేళకు గంపలు నిండాయి.

యాదగిరి కాక ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి గంపలోకి చూశాడు. "రుచి అచ్చం నీదే అన్నా. గీ ఆకారం ఎవలది?"

"పీహెచ్‌డీది" అన్నాడు నాన్న.

కాగే కడాయి సాక్షిగా, మోటారులో గడ్డకట్టిన పిండి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లెక్క తెమలడం లేదని ఏ ద్రవానికీ దాని స్వభావం తీసేయను. ముందు వేలు ముంచుతాను, తర్వాతే మౌస్ ముట్టుకుంటాను. ఆ రెంటికీ మధ్య చేయి కడుక్కుంటాను కూడా. ఇది నేర్చుకోవడానికి ఒక కీబోర్డు బలైంది.