కాటా బావ హస్తవాసి

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తరోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులుండేవారు: ప్రోగ్రాం రాయగల నేను, రాయలేని మిగతా అందరూ. విశాఖపట్నం పోర్టు దగ్గర బొగ్గు లారీలను తూచే కాటా ఆఫీసులో పని. లారీ కాటా ఎక్కాక బటన్ నొక్కితే బరువు చదివి చీటీ కొట్టే ప్రోగ్రాం నా తొలి సంతానం. (పెళ్ళికి ముందే సంతానమేమిట్రా అని మా అమ్మ నవ్వేది.) అలాంటిది, కంప్యూటర్లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసి కొత్తది వేసిన మర్నాటి నుంచి అది ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒకసారి పొద్దున్న, ఒకసారి మధ్యాహ్నం, ఒక్కోరోజు అసలు ఆగదు. వెనక లారీలు బారులు తీరి హారన్లు మోగిస్తుంటే చెమటలు కక్కుతూ మళ్ళీ నడిపించేవాణ్ణి. "శనివారంలోగా బాగవ్వకపోతే బయట రెడీమేడ్‌ది కొనేద్దామండి, మీరేమీ అనుకోకండి" అన్నారు మా గోదావరి మేనేజరు గారు, ఎంతో మర్యాదగా.

అది చాలదన్నట్టు కాటా బావ ఒకడు. (చుట్టరికమేమీ లేదు, అక్కడ అందరూ ఒకరికొకరు బావలే.) తగరపువలస నుంచి రోజూ బస్సులో వచ్చి, నాతో వంతులవారీగా ఆ కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తా. అతని వంతులో ప్రోగ్రాం ఒక్కసారి కూడా ఆగేది కాదు! "ఆడి హస్తవాసి అలాటిది బావా. నువ్వు ముట్టుకోకు, అదే బాగుంతాది" అని డ్రైవర్లు నాకు సలహా. నేను కన్నది నా చేతిలో ఏడ్చి, అతని చేతిలో నవ్వుతుందా? నిజం చెప్పాలంటే కుళ్ళిపోయాను. తప్పు పట్టుకుందామని గంటలకొద్దీ బరువు బటన్ నొక్కుతూ కూర్చుంటే ఒక్కసారీ ఆగదు. విసిగి నొక్కడం మానేస్తే, తర్వాత వచ్చిన లారీకే ఆగుతుంది.

చివరికి నా వంతు అయిపోయాక కూడా ఇంటికి పోకుండా మూడు రోజులు బావ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తప్పు వెతకడానికి కాదు, అతని చేతిలో కూడా ఒక్కసారి ఆగితే కళ్ళారా చూద్దామని. (కొబ్బరికాయ కూడా మొక్కుకున్నాను.) ఆగలేదు. లారీలు లేనప్పుడు బావ ఊరికే ఉండడు. టీకి దిగిన డ్రైవర్లను కాటా మీద నిలబెట్టి, బటన్ నొక్కి, "ఓలమ్మో, ఎనభై కేజీలు! నీకు సేపల పులుసు ఎవులు పెడతన్నార్రా?" అని అల్లరి. అందరూ పగలబడి నవ్వుతుంటే నేను పళ్ళు నూరుతూ చూశాను. మూడో రోజు మధ్యాహ్నం ఆ నూరడం ఠక్కున ఆగింది. అతను ఆ బటన్‌ను పది నిమిషాలు కూడా వదలడం లేదు. నేనేమో లారీ వచ్చేదాకా దర్జాగా చేతులు కట్టుకుని కూర్చుంటాను. సెట్టింగులు తెరిచి చూద్దును కదా, కాసేపు ఎవరూ పలకరించకపోతే కరెంటు ఆదా కోసం కాటాను కంప్యూటర్‌కు కలిపే కేబుల్‌ను కొత్త సిస్టమ్ నిద్రపుచ్చేస్తోంది! నిద్రపోయిన కాటా జవాబివ్వకపోతే ఏం చెయ్యాలో నా ప్రోగ్రాంలో నేను ఒక్క లైనూ రాయలేదు. తప్పు అచ్చంగా నాదే.

శుక్రవారం సరిచేశాను. శనివారమంతా నా చేతిలోనూ ఆగలేదు. మేనేజరు గారు వచ్చి అలవాటుగా బావ భుజం తట్టబోతే అతను పక్కకి జరిగాడు. "నానేటి సేసినాను సార్? ఆడుకున్నాను. ఈ బావని సూడండి, డూటీ అయిపోయినా ఇంటికెల్లకుండా మూడు దినాలు నా ఎనకాలే కూకున్నాడు. పనంటే అంత పేణం!" అన్నాడు. అతని కళ్ళలో నిజంగానే గౌరవం. నా అసూయ అక్కడితో చల్లారాలి కదా? చల్లారలేదు. మెచ్చుకోవడంలోనూ నాకంటే పైన నిలబడ్డాడే అని ఇంకాస్త రగిలింది. పైకి మాత్రం తలొంచుకుని "ఏదోనండి, మన పని కదా" అన్నాను. ఇప్పుడు ఆఫీసులో చేరిన కొత్తవాళ్ళకు ఆ మూడు రోజుల కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటాను. ఎందుకు కూర్చున్నానో ఇన్నేళ్ళకు మీ దగ్గరే ఒప్పుకుంటున్నాను, బావకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.